పాత మద్రాస్ టెర్రస్ డాబా: వంటింటికి, భోజనాల గదికి ఏ లైట్లు పెట్టాలి?

బందరు_డాబా

నమస్కారమండీ. మచిలీపట్నంలో 1954లో కట్టిన డాబా ఇల్లు మాది. పైకప్పు మద్రాస్ టెర్రస్: టేకు దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన నిలువు ఇటుక, సున్నం గచ్చు. నేల నుంచి దంతెల దాకా 12 అడుగులు. గోడలు సున్నంతో కట్టిన ఇటుక గోడలు, అడుగున్నర మందం.

వంటిల్లు 9 బై 11 అడుగులు. తూర్పు గోడ పొడవునా 8 అడుగుల నల్ల గ్రానైట్ గట్టు, దాని మీద రెండడుగుల ఎత్తులో అడుగు వెడల్పున్న కడప రాయి అర. లైటు మాత్రం ఎదురు గోడకి, చోక్ ఉన్న పాత ట్యూబు ఒక్కటే. గట్టు దగ్గర నిలబడితే కత్తిపీట మీద మన నీడే పడుతుంది. ఒకప్పుడు కట్టెల పొయ్యి ఉండేది కాబట్టి దంతెలూ వాటి మధ్య ఇటుకా నల్లగా పొగచూరి ఉన్నాయి.

భోజనాల గది 11 బై 14. 5 బై 3 అడుగుల బల్ల గదికి నడిమధ్య ఉంది, దానికి సరిగ్గా పైన దూలానికి ఫ్యాను. ఇత్తడి గొలుసుతో పాత పాలగాజు గ్లోబు దీపం ఒకటి అటక మీద భద్రంగా ఉంది. 10 అంగుళాల గ్లోబు, పగుళ్లు లేవు. దాన్ని బల్ల మీద వేలాడదీయాలని కోరిక.

వైరింగు టేకు పట్టీల మీద క్లిప్పులు కొట్టిన పాత రకం. నల్ల బేకలైట్ స్విచ్చిలు, కిట్‌క్యాట్ ఫ్యూజులు. లైట్లకి ఎర్తు లేదు. లైట్ల షాపులో అడిగితే రెండు గదులకీ ఫాల్స్ సీలింగ్ వేసి, ఎనిమిదేసి డౌన్‌లైట్లు పెట్టమంటున్నారు. ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి, ముందు ఏ పని చేయించాలి? వివరంగా చెప్పగలరు.

కరెంటు_పని

లైట్ల సంగతి తర్వాత, ముందు తీగల సంగతి చూడండి. టేకు పట్టీల మీద ఉన్నవి రబ్బరు తొడుగు తీగలు. ఆ రబ్బరు అరవై, డెబ్బై ఏళ్లకి బిగుసుకుపోయి అప్పడంలా విరుగుతుంది. గోడ మధ్యలో పైకి బాగానే కనిపిస్తుంది గానీ హోల్డరు దగ్గర, సీలింగ్ రోజ్ (కప్పు దగ్గర లైటు తీగ దిగే గుండ్రటి మూత డబ్బా) లోపల పాత బల్బుల వేడికి పూర్తిగా మాడిపోయి ఉంటుంది. మెయిన్ ఆపి, టెస్టరుతో సరిచూసుకుని, ఒక్క సీలింగ్ రోజ్ మూత విప్పి తీగని మెల్లగా వంచండి. పొట్టు రాలి లోపలి రాగి కనిపించిందంటే ఆ తీగకి కొత్త లైటు తగిలించకూడదు. కొత్త లైటు బిగించేటప్పుడు ఆ తీగని ఎలాగూ లాగుతారు, వంచుతారు. అప్పటిదాకా కదలకుండా ఉండి కాలం గడిపిన తీగ ఆ రోజే విరుగుతుంది.

మీ ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ (తీగ తొడుగు గట్టిదనం కొలిచే పరికరం) ఉంటే 500 వోల్టుల మీద పెట్టి తీగలకీ భూమికీ మధ్య కొలవమనండి. 1 మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే ఆ సర్క్యూట్ మొత్తం మార్చాలి. కొలిచే ముందు ఎల్‌ఈడీ బల్బులు, ట్యూబులు అన్నీ ఊడదీయాలి, లేకపోతే వాటి డ్రైవర్లు (లోపలి ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు) దెబ్బతింటాయి.

నా మాట అడిగితే కొలతలతో పని లేకుండానే ఈ రెండు గదులకీ కొత్త తీగలు లాగించండి. లెక్క ఇది. వంటింట్లో రెండు ట్యూబులు, గట్టు మీది అర కింద రెండు చిన్నవి, ఎగ్జాస్ట్ ఫ్యాను; భోజనాల గదిలో గ్లోబు, గోడ దీపాలు రెండు, ఫ్యాను. మొత్తం తొమ్మిది పాయింట్లు. ఒక లైటింగ్ సర్క్యూట్‌కి 10 పాయింట్లు లేదా 800 వాట్లు మించకూడదన్నది పాత నియమం, కాబట్టి ఒక్క సర్క్యూట్ సరిపోతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ 90 మీటర్ల చుట్టలు ఒక్కొక్కటి. ఆకుపచ్చ తీగ ప్రతి పాయింటుకీ వెళ్లాలి, ఇప్పుడు పెట్టేది ప్లాస్టిక్ ట్యూబే అయినా సరే. దీనికి 6 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మించితే తానే ఆగే స్విచ్చి), దాని ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేది). మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్ ప్లగ్గులు ఇందులో కలపొద్దు. వాటికి 2.5 తీగతో వేరే లైను వేయాలి.

ఆర్‌సీసీబీ పెట్టగానే పాత ఇళ్లలో తరచుగా వచ్చే తంటా ఒకటుంది. లైటు వేసిన మరుక్షణం ట్రిప్ అవుతుంది. అందరూ తడి అనుకుంటారు, ఆర్‌సీసీబీ పాడైందనుకుంటారు. చాలాసార్లు కారణం న్యూట్రల్. అప్పట్లో తీగ కలిసొస్తుందని వంటింటి లైటుకి ఫేజు ఒక చోట నుంచి, న్యూట్రల్ పక్క గది నుంచి తెచ్చేవారు. వెళ్లిన కరెంటు ఒక దారిన వెళ్లి ఇంకో దారిన తిరిగొస్తే ఆర్‌సీసీబీ దాన్ని లీకుగానే లెక్కేస్తుంది. అందుకే ఈ సర్క్యూట్ న్యూట్రల్ బోర్డు దాకా విడిగా రావాలి, దారిలో పాత న్యూట్రల్‌తో ఎక్కడా కలపకూడదు.

ఇంకోటి. స్విచ్చి ఆపినా ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంటూ సన్నగా వెలుగుతోందంటే బల్బు తప్పు కాదు. స్విచ్చి ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద ఉందని మొదటి అనుమానం. స్విచ్చి ఆపి ఉండగా హోల్డరు పిన్నుకి టెస్టరు పెడితే నియాన్ వెలుగుతుంది. అంటే లైటు ఆపి బల్బు మారుస్తున్నా చేతి దగ్గర 230 వోల్టులు ఉన్నట్టే. పాత బల్బులకి ఇది బయటపడేది కాదు, ఎల్‌ఈడీ వచ్చాకే జనం గమనిస్తున్నారు. బోర్డు దగ్గర తీగలు తారుమారు చేస్తే పోతుంది. అప్పటికీ వెలుగుతుంటే స్విచ్చిలో ఉండే చిన్న ఇండికేటర్ దీపం కారణం కావచ్చు, దాన్ని తీసేయండి.

తీగల దారి: పాత టేకు పట్టీలు తీసేసి 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, లేదా కేసింగ్ క్యాపింగ్ (మూత ఉన్న ప్లాస్టిక్ పట్టీ), దంతె పక్క ముఖం మీదుగా తీసుకెళ్లండి. అడుగు ముఖం మీద వద్దు. బరువంతా లాగేది దూలం అడుగు భాగమే, అక్కడ గాడి కొట్టినా పెద్ద రంధ్రం పెట్టినా దాని బలం తగ్గుతుంది. పక్క ముఖంలో సగం ఎత్తుకి కాస్త పైన స్క్రూ పెట్టాలి. పాత టేకు చాలా గట్టిది కాబట్టి ముందు 3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో దారి చేసి, స్క్రూకి సబ్బు రాసి బిగించండి. నేరుగా తిప్పితే తల తెగి లోపలే ఉండిపోతుంది. బందరు సముద్రపు గాలికి ఇనుప స్క్రూలు రెండు మూడేళ్లలో తుప్పు కారుస్తాయి, ఇత్తడివో స్టెయిన్‌లెస్‌వో వాడండి. సున్నం గోడలకి హామర్ మోడ్ వాడొద్దు, 8 మిల్లీమీటర్ల రంధ్రం అడగ్గా బొక్కెన పట్టేంత గొయ్యి పడుతుంది. మామూలు తిప్పుడుతో ఇటుక మధ్యలోకి పెట్టాలి. ఇటుకల సందులో పెడితే సున్నం పొడిగా రాలి ప్లగ్గు వదులైపోతుంది.

ఎర్తు గొయ్యి ఉంటే అది పనిచేస్తుందో లేదో కొలిపించండి. ఉప్పు మట్టి ఇనుప పైపుని త్వరగా తినేస్తుంది. పైన నట్టు బాగానే కనిపిస్తుంది, ఒక అడుగు కిందికి తవ్వితే పైపే ఉండదు.

వెలుగు_నీడ

పై సమాధానంలో ప్రతి మాటా పాటించదగ్గదే. నేను వెలుగు వైపు నుంచి చెబుతాను.

ఫాల్స్ సీలింగ్ వద్దండీ. ఖర్చు ఒక్కటే కారణం కాదు. 12 అడుగుల పాత గదుల్లో వెంటిలేటర్లు 10 అడుగుల పైన ఉంటాయి. సీలింగ్ 9 అడుగులకి దింపితే అవి మూసుకుపోతాయి, వంటింటి వేడీ తాలింపు ఘాటూ బయటికి పోయే దారి ఉండదు. సున్నం గచ్చు వానాకాలంలో ఎక్కడ చెమ్మగిల్లుతోందో, దంతెకి చెద పట్టిందో కనిపించకుండా పోతుంది. కింద జిప్సం మీద మరక వచ్చేసరికి పైన దంతె చివర కుళ్లిపోయి ఉంటుంది.

డౌన్‌లైట్ల సంగతి. అవి సూటిగా కిందికి వెలుగు వేస్తాయి, గోడల మీద పడేది తక్కువ. గదికి వెలుగొచ్చిన భావన గోడల నుంచి వస్తుంది. ఎనిమిది పెట్టినా గది గుహలాగే ఉంటుంది, నల్ల గ్రానైట్ మీద మాత్రం ఎనిమిది చుక్కలు కళ్లలో గుచ్చుతాయి.

ఇప్పుడు వంటింటి లెక్క. 9 బై 11 అంటే 99 చదరపు అడుగులు, సుమారు 9.2 చదరపు మీటర్లు. వంటింటికి మొత్తంమీద 200 లక్స్, అంటే చదరపు మీటరుకి 200 ల్యూమెన్ల వెలుగు కావాలి. 9.2 ని 200 తో గుణిస్తే 1,840 ల్యూమెన్లు. ఇది నేల మీదికి చేరాల్సినది. ట్యూబు నుంచి బయల్దేరిన వెలుగులో మంచి తెల్లటి గదిలో సగం చేరుతుంది, పొగచూరిన కప్పు ఉంటే 40 శాతమే. పైగా జిడ్డు, దుమ్ము, ట్యూబు వయసు కలిపి ఇంకో 20 శాతం పోతుందనుకోవాలి. తెల్ల గదికి 4,600, మీ నల్ల కప్పుకి 5,750 ల్యూమెన్లు. 20 వాట్ల నాలుగడుగుల ఎల్‌ఈడీ ట్యూబు సుమారు 2,000 ఇస్తుంది. అంటే మీ గదికి ఇప్పుడున్న స్థితిలో దాదాపు మూడు ట్యూబులు కావాలి. కప్పుకి సున్నం కొట్టించి, గట్టు మీది అర కింద విడిగా వెలుగు పెడితే రెండు చాలు.

కాబట్టి మొదటి లైటింగ్ పని సున్నం. దంతెల మీద వద్దు, వాటిని రాగి తీగ బ్రష్షుతో మెల్లగా గీకి, తడిగుడ్డతో తుడిచి వదిలేయండి. దంతెల మధ్య ఇటుక భాగానికి రెండు మూడు పూతలు సున్నం. ప్లాస్టిక్ ఎమల్షన్ వేయొద్దు, సున్నం గచ్చులోంచి దిగే చెమ్మకి అది పొరలు పొరలుగా లేస్తుంది. పొగ మసి మీద నేరుగా సున్నం కొడితే పసుపు మరకలు పైకి తేలతాయి, ముందు మసిని బాగా గీకేయాలి.

ట్యూబులు ఎక్కడ? ఒకటి ఇప్పుడున్న ఎదురు గోడ మీదే ఉండనివ్వండి, 8 అడుగుల ఎత్తులో. రెండోది ముఖ్యం. దాన్ని దంతెల నుంచి రెండు కడ్డీలతో 8.5 అడుగుల ఎత్తుకి దింపి, గట్టు ముందంచుకి సరిగ్గా పైన, అంటే తూర్పు గోడ నుంచి రెండడుగుల దూరంలో, గట్టుకి సమాంతరంగా వేలాడదీయండి. నిలబడ్డ మనిషి తల ముందు నుంచి వెలుగు దిగితే నీడ వెనక్కి పడుతుంది. పొయ్యికి నేరుగా పైన మాత్రం రాకూడదు, పక్కకి కనీసం రెండడుగులు జరగాలి. నూనె ఆవిరి పాలీకార్బనేట్ మూత మీద పేరుకుని, వేడికి పసుపు రంగులోకి తిరుగుతుంది. తర్వాత తుడిచినా పోదు.

అర కింద వెలుగుకి రెండడుగుల 10 వాట్ల సన్న ట్యూబులు రెండు చాలు. రెండూ కలిపి 2,000 ల్యూమెన్లు. గట్టు వైశాల్యం 8 బై 2 అడుగులు, దాదాపు ఒకటిన్నర చదరపు మీటర్లు. సగం వెలుగు చేరినా 650 లక్స్ వస్తుంది. బియ్యంలో రాళ్లు ఏరడానికీ, చేప పొలుసు తీయడానికీ ఇది ధారాళం. వీటిని అర కింది ముఖానికి గోడ వైపు పెట్టే అలవాటుంది, అది తప్పు. ముందంచు వైపు పెట్టాలి. గోడ వైపు పెడితే వెనక టైల్స్ మీదే వెలుగంతా పడి, తరిగే చోట మసక ఉంటుంది, పాలిష్ గ్రానైట్‌లో ట్యూబు అద్దంలోలా కనిపిస్తుంది.

మీ అర గట్టు నుంచి రెండడుగుల ఎత్తులోనే ఉంది కాబట్టి ట్యూబు దాదాపు కళ్ల ఎత్తుకి వస్తుంది. ముందంచుకి ఒకటిన్నర అంగుళాల అల్యూమినియం యాంగిల్ అడ్డుగా పెట్టి, దాని వెనక ట్యూబు దాచండి. కడప రాయికి మధ్యలో రంధ్రం పెడితే పొరలుగా చీలుతుంది. రెండు వైపులా అంటుకునే టేపు నూనె ఆవిరికి కొన్ని నెలల్లో వదిలేస్తుంది. అర రెండు చివర్లా గోడకి చిన్న క్లాంపులు బిగించి, 8 అడుగుల యాంగిల్‌ని వాటి మీద కూర్చోబెట్టడమే గట్టి పని. మధ్యలో అరని మోసే గోడ బ్రాకెట్టు ఉంటే దానికీ కట్టొచ్చు.

రంగు గురించి. 6,500 కెల్విన్ తెల్లటి ట్యూబులే ఊళ్లో ఎక్కువ దొరుకుతాయి. వంటింటికి 4,000 అడగండి, అంకె తగ్గే కొద్దీ వెలుగు పసుపుగా ఉంటుంది. అంతకంటే ముఖ్యం సీఆర్ఐ (రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపే గుణానికి వందకి మార్కు), 90 ఉంటే మంచిది, 80కి తగ్గకూడదు. ఉల్లిపాయ ముక్క తెల్లదనం పోయి బంగారు రంగుకి తిరిగి, ఆ వెంటనే అంచులు ముదురుతాయి. ఆ తేడా అర నిమిషంలో జరిగిపోతుంది. సీఆర్ఐ తక్కువ ఉన్న నీలి తెలుపులో ఎరుపులూ గోధుమ రంగులూ పాలిపోతాయి, మాడేదాకా వేగలేదనే అనిపిస్తుంది. అర కింది రెండు ట్యూబులకైనా 90 పెట్టండి. అట్ట మీద బీఐఎస్ గుర్తూ, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యా ఉన్నాయో లేదో చూడండి. పనిచేసే వోల్టేజి 140 నుంచి 300 దాకా అని రాసి ఉన్నది తీసుకుంటే రాత్రిపూట వోల్టేజి పడిపోయే వీధుల్లో మిణకదు.

బందరు_డాబా

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలండీ. వెంటిలేటర్ల సంగతి మాకు తట్టనే లేదు, అవి సరిగ్గా పదిన్నర అడుగుల దగ్గర ఉన్నాయి. ఫాల్స్ సీలింగ్ మానేశాం. సీలింగ్ రోజ్ విప్పి చూస్తే తీగ నిజంగానే పొట్టు రాలింది, రెండు గదులకీ కొత్త లైను వేయిస్తున్నాం.

భోజనాల గదికి గ్లోబు ఎలా? బల్ల మీద ఫ్యాను ఉంది. బందరు వేసవిలో ఫ్యాను తీసేయడం కుదరదు. పక్క ఇంట్లో ఫ్యాను పైన లైటు పెడితే బల్లంతా వెలుగూ నీడా గిరగిరా తిరుగుతోంది, అన్నం తింటుంటే తల తిరుగుతుంది. మాకూ అదే అవుతుందా?

వెలుగు_నీడ

అదే అవుతుందండీ, లైటు రెక్కల కంటే పైన ఉంటే. నిమిషానికి 300 చుట్లు తిరిగే మూడు రెక్కల ఫ్యాను సెకనుకి 15 సార్లు వెలుగుని కోస్తుంది. కంటికి అది బాగా తెలిసే వేగం. అందుకే మన ఇళ్లలో నియమం ఒకటే: ఫ్యాను ఉన్న గదిలో బల్లకి వెలుగిచ్చే దీపం రెక్కల మట్టం కంటే కిందే ఉండాలి.

మీ గదికి కొలతలు వేశాను. గది పొడవు 14, ఫ్యాను మధ్యలో అంటే గోడ నుంచి 7 అడుగుల దగ్గర. 48 అంగుళాల ఫ్యాను రెక్క కొస మధ్య నుంచి 2 అడుగులు. గ్లోబు ఫ్యాను మధ్య నుంచి 3 అడుగులు జరిగితే రెక్క కొసకి అడుగు దూరం. బల్లని అడ్డంగా తిప్పి, అంటే పొడవు గది వెడల్పు వైపు వచ్చేలా పెట్టి, దాని మధ్యని గ్లోబు కిందికి జరపండి. అప్పుడు బల్ల మధ్య గోడకి 4 అడుగులు, బల్ల అంచు నుంచి గోడకి రెండున్నర అడుగులు మిగులుతాయి. కుర్చీ లాక్కుని కూర్చోవడానికి అది కనీసం. ఇంకా జరిపితే ఇరుకవుతుంది, తక్కువ జరిపితే దీపం ఫ్యానుకి దగ్గరవుతుంది. మూడడుగులే సరైన కొలత.

గొలుసుతో మొత్తం ఎత్తు వేలాడదీస్తే ఫ్యాను గాలికి గ్లోబు ఊగుతుంది, పక్కకి లాగి రెక్కకి తగిలే ప్రమాదం కూడా ఉంది. 12 అడుగుల నుంచి 8 అడుగుల దాకా 4 అడుగుల ఇత్తడి గొట్టం, దాని చివర మీ పాత గొలుసు ఒక్క అడుగు. అంటే గొలుసు మొదలయ్యేసరికే రెక్కల మట్టం దాటి కిందికి వచ్చేశాం. ఫ్యాను రెక్కలు 8.5 నుంచి 9 అడుగుల మధ్య ఉండేలా దాని కడ్డీ సరిచేయండి, 8 అడుగుల కంటే ఎప్పుడూ కిందికి రాకూడదు. గొలుసు 7 అడుగుల దగ్గర ఆగుతుంది, పైటోపీ, గ్లోబు కలిపి మరో అడుగు, అడుగు భాగం నేల నుంచి 6 అడుగులు.

మామూలుగా బల్ల మీద వేలాడే దీపం బల్ల నుంచి 30, 34 అంగుళాల ఎత్తులో ఉండాలంటారు. అది కిందికి మాత్రమే వెలుగిచ్చే టోపీ దీపాలకి. పాలగాజు గ్లోబు అన్ని వైపులా వెలుగుతుంది. దాన్ని అంత కిందికి దింపితే ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖం బదులు వెలుగు ముద్ద కనిపిస్తుంది. కూర్చున్నవాళ్ల కళ్లు నేల నుంచి 4 అడుగుల ఎత్తులో ఉంటాయి కాబట్టి 6 అడుగులు హాయిగా ఉంటుంది.

గ్లోబు వెలుగు పైకి కూడా వెళ్తుంది. అది రెక్కలకి తగిలి కప్పు మీద నీడలు తిరుగుతాయి. ఈ గదిలో దంతెలు ముదురుగా ఉంటే పెద్దగా తెలియదు. తెలిస్తే గ్లోబు పైన 6 అంగుళాల ఇత్తడి పళ్లెం టోపీ బోర్లించండి. బల్బు 2,700 లేదా 3,000 కెల్విన్, 9 వాట్లు చాలు. గోడలకి 6 అడుగుల ఎత్తులో అదే రంగువి 7 వాట్ల దీపాలు రెండు ఉంటే గది నిండుగా ఉంటుంది, గ్లోబు ఒక్కదాని మీదే భారం పడదు. వెచ్చని రంగుకి ఇంకో లాభం ఉంది. తొలకరి వానల్లో ఉసిళ్లు తెల్లని నీలి వెలుగుకి ఎగబడినంతగా పసుపు వెలుగుకి రావు. పూర్తిగా ఆగవు గానీ కూరలో పడేవి తగ్గుతాయి. గోడ దీపాలు పైకి తెరిచిన దోసిలి ఆకారంలో ఉన్నవి కొనొద్దు, వారం తిరిగేసరికి రెక్కలూ పురుగులూ నిండుతాయి.

కరెంటు_పని

ఆ గ్లోబుని తగిలించే పని గురించి కాస్త. గాజు తప్ప మిగతా దీపమంతా ఇత్తడి, అంటే ఒళ్లంతా కరెంటు పారే లోహం. ఎర్తు లేకుండా తగిలించొద్దు. లోపలి పాత హోల్డరు పింగాణీ పగిలి ఉంటుంది, స్ప్రింగు పిన్నులు వదులై ఉంటాయి. కొత్త పిన్ను హోల్డరు వేయండి. ఇప్పుడు దొరికే మామూలు పిన్ను బల్బు పడుతుంది, మర హోల్డరు అక్కర్లేదు. మూడు తీగల 0.75 ఫ్లెక్సిబుల్ వైరు గొట్టంలోంచి దింపి, గొలుసు కడియాల్లో ఒకటి విడిచి ఒకటి చొప్పున అల్లండి. వైరు కాస్త వదులుగా ఉండాలి, బరువు గొలుసే మోయాలి. తీగ ఇత్తడిలోకి దూరే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ (అంచుకి తొడిగే రింగు) ఉండాలి. ఆ అంచు కత్తిలా ఉంటుంది, ఊగిన కొద్దీ తొడుగుని కోస్తుంది. ఆకుపచ్చ తీగకి కన్ను ఉన్న లగ్గు వేసి ఇత్తడి ఒంటికి స్క్రూతో బిగించండి. బిగించే చోట నల్లదనం, పాత లక్క గీకి మెరుపు తేలాలి, లేకపోతే ఎర్తు పేరుకే ఉంటుంది.

గ్లోబు మెడని పట్టే మూడు స్క్రూలు చేత్తో ఆనేదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి వదలండి. స్క్రూ డ్రైవరుతో బిగిస్తే గాజు మెడ దగ్గర నెర్రె పడుతుంది, అది నెల తర్వాత అన్నం పళ్లెంలో పడుతుంది. స్క్రూ కొసలకీ గాజుకీ మధ్య సన్న రబ్బరు పట్టీ చుట్టండి.

తగిలించే ముందు గొలుసు ప్రతి కడియం చూడండి, నోరు తెరుచుకున్న దాన్ని నొక్కి వెండితో అతికించాలి. దీపం బరువుకి నాలుగు రెట్లు, అంటే 3 కిలోలైతే 12 కిలోల బరువు ఓ రాత్రంతా వేలాడదీసి చూడండి. దంతెని సుత్తి పిడితో తట్టి చూసి బోలు శబ్దం లేని చోటే కొక్కెం పెట్టండి. ఫ్యాను కొక్కెం కూడా ఇప్పుడే చూసుకోండి. డెబ్బై ఏళ్లు ఊగిన చోట ఇనుము సగం అరిగి ఉంటుంది.

వంటింటి_పని

పైవాళ్లు చెప్పినవన్నీ సరైనవే, ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. వంటింట్లో వేలాడే ట్యూబుకి ప్లాస్టిక్ మూతది కాకుండా, చివరలు మూసుకున్న ఐపీ65 (దుమ్మూ నీటి జల్లూ లోపలికి పోని) రకం తీసుకోండి. ధర కాస్త ఎక్కువ, కానీ లోపలికి నూనె ఆవిరీ పురుగులూ పోవు. మామూలు ట్యూబుల చివర ప్లాస్టిక్ మూతల సందులోంచి జిడ్డు లోపలికి పాకి, లోపలి వైపు పసుపు పొర కడుతుంది. దాన్ని తుడవడానికి వీలే ఉండదు.

తుడిచే పద్ధతి: పదిహేను రోజులకోసారి, స్విచ్చి ఆపి, చల్లారాక, గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి. థిన్నరు, పెట్రోలు తగిలిస్తే మూత పాలలా తెల్లబడి పగుళ్లిస్తుంది. గ్లోబు దీపం ఇత్తడి భాగాలకి చింతపండు పెట్టి తోమాలంటే దీపం దింపి, హోల్డరూ తీగా విడదీశాకే. పులుపు మెలికల్లో ఉండిపోతే ఆకుపచ్చ చిలుము పట్టి ఎర్తు స్క్రూని కూడా తినేస్తుంది. బాగా కడిగి, ఆరబెట్టి, పొడి గుడ్డతో రుద్దాకే తిరిగి కలపాలి.

బందరు_డాబా

ఒక్క సందేహం మిగిలింది. ఎత్తులూ దూరాలూ కాగితం మీద సరిపోయాయి, కానీ దంతెకి రంధ్రం పెట్టాక మార్చలేం కదా. ముందే చూసుకునే మార్గం ఉందా?

వెలుగు_నీడ

ఉంది. పొడవాటి ప్లగ్గు వైరు ఒకటి, పిన్ను హోల్డరు ఒకటి, 9 వాట్ల 3,000 కెల్విన్ బల్బు ఒకటి, తెల్ల కాగితపు లాంతరు ఒకటి తెచ్చుకోండి. వెదురు గెడ దంతె నుంచి దంతెకి అడ్డంగా కట్టి, దాని నుంచి లాంతరు 6 అడుగుల ఎత్తులో వేలాడదీయండి. ఫ్యాను అయిదు మీద పెట్టి, బల్ల జరిపి, రెండు రాత్రులు అందరూ అక్కడే భోంచేయండి. వడ్డించేవాళ్లు నిలబడితే కళ్లలో పడుతోందా, పిల్లల ప్లేటు మీద పెద్దవాళ్ల నీడ పడుతోందా అన్నది చూసి, రెండేసి అంగుళాలు పైకీ కిందికీ మార్చండి. వంటింట్లో కూడా ఇప్పుడున్న ట్యూబుని ఊడదీసి గట్టు ముందంచు మీద తాళ్లతో కట్టించి ఒక పూట వంట చేయండి. నచ్చిన ఎత్తు తేలాక దంతె నుంచి తూకం గుండు సరిగ్గా ఆ బిందువు మీదికి దిగేలా వదిలి, దంతె మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.